షేఖా మొహం

ఖద్దూర్ టాక్సీలో ముందు సీటు షేఖాది. వెనక నలుగురు ఇరుక్కుని కూర్చున్నా సరే, ముందు సీట్లో షేఖా తప్ప ఇంకో ఆడమనిషి కూర్చోవడం మా ఊరు సీదీ బెల్ అబ్బెస్‌లో ఎవరూ చూడలేదు. షేఖా అంటే మా వైపు పెళ్ళిళ్ళలో మగవాళ్ళ మధ్య నిలబడి పాడే ఆవిడ. అదే బిరుదు, అదే తిట్టు. ఏది ఎప్పుడో పిలిచేవాడి గొంతును బట్టి తెలుసుకోవాలి.

ఆ ఉదయం బద్రా రావడం దూరం నుంచే చూసి ఖద్దూర్ సీటు మీద దుమ్ము చేత్తో దులిపాడు. తలుపు తీసి పట్టుకున్నాడు.

"రండి లల్లా షేఖా. ఒరాన్‌కేగా?"

బద్రా తల మాత్రం ఊపింది. అంత ఎండలోనూ మెడకి శాలువా చుట్టుకుంది, షేఖా గొంతు కాపాడుకుంటోందని చూసేవాళ్ళు అనుకోవాలిగా. ఆమె వెనకే, తెల్లటి హైక్ నెత్తి మీంచి పాదాల దాకా కప్పుకుని, చేతిలో సంచీతో ఒక పెద్దావిడ వెనక సీట్లోకి ఎక్కింది. ఖద్దూర్ అటు చూడను కూడా చూడకుండా, ఏ ముసలావిడనైనా పిలిచినట్టే, తలుపు గట్టిగా లాగు హాజ్జా అన్నాడు.

వెనక ఎక్కిన ఆ పెద్దావిడే షేఖా తెస్సాలియా. అసలు పేరు మొఖ్తారియా. ముందు కూర్చున్న బద్రా సినిమా హాలు వెనక వీధిలో పార్లర్ నడుపుకునే మనిషి, జన్మలో ఒక్క పాట పాడి ఎరగదు. షేఖా కేసెట్లన్నిటి మీదా ఉన్న మొహం బద్రాది, లోపలున్న గొంతు మొఖ్తారియాది. ఆ రోజుల్లో పాడే ఆడది అట్ట మీద సొంత మొహం వేసుకుంటే అన్నదమ్ములు ప్రాణం తీసేవాళ్ళు. అందుకని అందరూ ఎవరిదో ఒకరి బొమ్మ వేసుకునేవారు, కొందరైతే సబ్బు ప్రకటనలోంచి కత్తిరించుకున్నారు కూడా. మొఖ్తారియా తన స్నేహితురాలిని అడిగింది. పార్లర్ కిటికీలో పెట్టుకున్న ఫోటో అది, నుదుటి మీద రింగు జుట్టు, ఎడమ బుగ్గన పుట్టుమచ్చ. పట్టుకుపోవే, ఇక్కడ ఈగలు వాలుతున్నాయి అని బద్రా నవ్వుతూ ఇచ్చేసింది. ఒక్క కేసెట్టుకే కదా అనుకుంది. ఆ తర్వాత అదే ఫోటో, గౌను ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా, ఒకసారి గులాబీ రంగులో అచ్చవుతూనే ఉంది.

దారి పొడుగునా ఖద్దూర్ నోరు మూస్తే ఒట్టు. తన పెళ్ళిలో షేఖా పాటే పెట్టించాడట, పెద్దకొడుకు పుట్టిన రోజున ఆసుపత్రి బయట ఇదే టాక్సీలో ఇదే పాట విన్నాడట. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క పాడితే ఈ జన్మకి చాలన్నాడు. బద్రా గొంతు బొంగురు చేసుకుని, డాక్టరు వద్దన్నాడని చెప్పింది.

"పాడవే, పాపం అంతగా అడుగుతున్నాడు," అంది వెనక నుంచి మొఖ్తారియా.

బద్రా సీటు పక్క నుంచి చెయ్యి వెనక్కి పోనిచ్చి ఆవిడ మోకాలు గట్టిగా గిల్లింది. హైక్ లోపల ఆవిడ భుజాలు కదిలాయి. ఖద్దూర్‌కి ఏమీ తెలియలేదు. ఎడమ పక్కన కోతలైపోయిన గోధుమ చేలు, వాటి వెనక తెస్సాలా కొండ టాక్సీతో పాటు నడిచాయి.

ఒరాన్‌లో స్టూడియో టైర్ల దుకాణం మీది మేడలో ఉంది. దాన్ని నడిపే రెద్వాన్ మంచి కుర్రాడే, అది ముందే చెప్పాలి. పాత కేసెట్లన్నీ అరిగిపోయి పాట కంటే గరగరే ఎక్కువ వినిపిస్తోందని, షేఖా జీవితంలోని మంచి పాటలన్నీ ఏరి ఆవిడ చేతే మళ్ళీ పాడించి ఒక్క ఆల్బమ్‌గా తెస్తానని రెండేళ్ళు ఆవిడ గుమ్మం చుట్టూ తిరిగాడు. ఆవిడ పళ్ళు పోయాయంది, ఊపిరి పోయిందంది, చివరికి సరేనంది.

వేణువు ఊదే మిలూద్ అప్పటికే వచ్చి, రెల్లు గొట్టాన్ని గ్లాసు నీళ్ళలో తడుపుతున్నాడు. అతను మొఖ్తారియా పక్కన కూర్చుని ఊదడం మొదలుపెట్టినప్పుడు ఇద్దరికీ నల్లటి జుట్టు. గెల్లాల్ డోలు మేక చర్మం సముద్రపు గాలికి మెత్తబడి, కొడితే దుప్పటి మీద కొట్టినట్టుంది. పెళ్ళిళ్ళలో అయితే కుంపటి మీద కాస్త కాచుకుంటారు. స్టూడియోలో నిప్పు పెట్టనివ్వనని రెద్వాన్ మొదటి రోజే చేతులు జోడించాడు. అందుకని బద్రా సంచీలోంచి జుట్టు ఆరబెట్టే మిషన్ తీసి, డోలుని ఒళ్ళో పసిపిల్లలా పడుకోబెట్టుకుని, వేడిగాలి గుండ్రంగా తిప్పుతూ చర్మాన్ని బిగించింది. గోరుతో మీటి చూసింది. ఇంకొంచెం తిప్పింది.

"ఈ గెల్లాల్‌కి నువ్వు చేసినంత సింగారం మా ఆవిడకి చేసుంటే నేను ఇంట్లోనే ఉండేవాణ్ణి," అన్నాడు మిలూద్.

పాట మొదలైంది. మొఖ్తారియా, బద్రా ఒకే మైకు ముందు భుజం భుజం ఆనించుకుని నిలబడ్డారు. మొదటి కేసెట్టు నాటి నుంచీ అంతే. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా మగవాళ్ళ మధ్యకి వెళ్ళకూడదని తోడు వచ్చిన బద్రా ఊరికే నిలబడలేక, రెండు చరణాలకొకసారి నాలుక ఆడిస్తూ పెళ్ళికేక వేసేది. ఆ కేక గాలిలో ఉన్నంతసేపూ మొఖ్తారియా ఊపిరి పీల్చుకునేది. వినేవాళ్ళు అది సంబరం అనుకున్నారు. ఇప్పుడు ఆవిడకి ఊపిరి ఇంకా ముందే అయిపోతోంది. అయిపోయే ముందు ఆవిడ బద్రా మణికట్టు నొక్కుతుంది. బద్రా కేక అందుకుంటుంది, ఆవిడ నిండా పీల్చుకునే దాకా వదలదు.

"గోధుమ చేల మీదుగా వచ్చిన గాలీ, నా ఒక్కదాని తలుపే ఎందుకు తట్టావు," అని మొఖ్తారియా ముగించేసరికి మిలూద్ వేణువు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. గొంతు అడుగున ఆ గరుకు అలాగే ఉంది. పళ్ళు లేకపోతేనేం.

అప్పుడు ఫోటోలు తీసే అమ్మాయి వచ్చింది. రాజధాని నుంచి వచ్చిన పిల్ల, దీపాలు, గొడుగులు మోసుకొచ్చింది. గదిలో అందర్నీ ఒకసారి చూసి, తిన్నగా బద్రా దగ్గరికి వెళ్ళి చెయ్యి ముద్దు పెట్టుకుంది. మా అమ్మ దగ్గర మీ కేసెట్లన్నీ ఉన్నాయమ్మా, ఈ పుట్టుమచ్చ చూస్తూనే నేను పెరిగాను అంది. కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి దీపం వైపు తిప్పింది. బద్రాకి ఇందులో వింతేమీ అనిపించలేదు. నుదుటి మీద రింగు సర్దుకుని గడ్డం ఎత్తింది.

రెద్వాన్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి అద్దం వెనక నుంచి వచ్చాడు.

"ఆవిడ కాదు," అన్నాడు. "ఈసారి అట్ట మీద అసలు షేఖా మొహమే వేస్తున్నాం. ఆవిడ, అదిగో."

బద్రా కుర్చీలోంచి లేచింది. ఎక్కడికి వెళ్ళాలో తెలియక, మిషన్ తీగ చేతికి తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. మొఖ్తారియా నేల చూపులు చూస్తోంది. చెబుదామనే అనుకున్నానే అని నోట్లోనే గొణిగింది. ఇవాళ ఫోటోలు వద్దని ఆ అమ్మాయిని పంపించేసింది.

తిరుగు దారిలో ఖద్దూర్ ఎంత కదిపినా ఇద్దరూ పలకలేదు. పాపం షేఖా అలిసిపోయిందనుకుని అతను కూడా చివరికి ఊరుకున్నాడు. పార్లర్ దగ్గర దిగి, టాక్సీ మలుపు తిరిగే దాకా ఆగి, అప్పుడు బద్రా నోరు విప్పింది.

"మొహం పెట్టేటప్పుడు అడిగావు. తీసేటప్పుడు అడగలేదు."

"ఒసే, నా మాట విను..."

"నీ మాటే వింటున్నానుగా ఇన్నాళ్ళూ," అని షట్టర్ లాగేసుకుంది.

ఆ షట్టర్ మీద అడుగున ఒక తారు మరక ఉంది. చెడ్డ రోజుల్లో, పాడేవాళ్ళని వెతికి వెతికి చంపుతున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఎవరో షేఖా కోసం వచ్చి బద్రా దుకాణానికి తారు పూసిపోయారు. గొంతుకి కాదు కదా తారు పూసేది, మొహానికే పూస్తారు. ఆర్నెల్లు ఆమె త్లెమ్సెన్‌లో మేనత్త ఇంట్లో దాక్కుంది. అంతకు ముందే సైదా ఊరి దర్జీతో కుదిరిన సంబంధం కూడా ఈ అట్ట చూసే తప్పిపోయింది. అప్పుడు ఏడ్చింది. అయినా ఒక్కసారి కూడా నా ఫోటో నాకు ఇచ్చెయ్యమని అనలేదు. ఇప్పుడు తీసేస్తున్నారంటే హాయిగా ఉండాలి కదా, మరెందుకింత కడుపు మంట అని ఆమె తనని తాను అడుగుతూ రాత్రంతా పక్క మీద దొర్లింది.

మర్నాడు ఒరాన్ వెళ్ళలేదు. పెళ్ళికూతురి జుట్టొకటి, బడి పంతులమ్మ జుట్టొకటి చూసుకుంది. మధ్యాహ్నం చేపల బజారుకి వెళితే, సార్డీన్లు తూచేవాడు షేఖా, ఒరాన్ వెళ్ళలేదేం అంటూ ఎప్పటిలాగే గుప్పెడు పైన వేశాడు. ఆ గుప్పెడు చూస్తే ఆమె ప్రాణం చివుక్కుమంది. కొత్త ఆల్బమ్ వచ్చాక ఈ గుప్పెడు వెయ్యడు, ఖద్దూర్ తలుపు తియ్యడు. ఇన్నేళ్ళూ తిట్లు తిన్నది తను, దాక్కున్నది తను. ఆ తిట్లతో పాటు వచ్చిన ఈ కాస్త మర్యాద కూడా పోతే ఇక తనేమిటి? పార్లర్ బద్రా. జుట్టు రంగు వేసే ముసల్ది.

సాయంత్రం మిలూద్ వచ్చాడు. మిషన్ కోసం వచ్చానన్నాడు. డోలు మెత్తబడి చచ్చిందట. పనిలో పనిగా మిగతాదీ చెప్పాడు. మొఖ్తారియా ఒంటరిగా నిలబడి రెండో చరణంలోనే ఊపిరి అందక ఆగిపోయిందట. రెద్వాన్ కంప్యూటర్‌లోంచి ఏవో కేకలు తీసి పెట్టాడట. అవి బాగానే ఉన్నాయి, కానీ ఎవరి కోసమూ ఆగవు, టక్కున మొదలై టక్కున అయిపోతాయి. ఆవిడ నాలుగుసార్లు ప్రయత్నించి మైకు పక్కకి తోసేసిందట.

"రమ్మని నేను అడగను. నాకు నీ మిషన్ చాలు," అన్నాడు మిలూద్.

బద్రా మిషన్ తీసి అతని చేతిలో పెట్టింది. మిలూద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీన్ని నొక్కడం నాకు రాదే తల్లీ అన్నాడు. ఎర్ర బొత్తాం అని చెప్పి ఆమె తలుపు వేసుకుంది.

శుక్రవారం పార్లర్‌కి సెలవు. నమాజు అయ్యాక షట్టర్ మీద ఎవరో గోళ్ళతో గీరుతున్న చప్పుడైంది. బద్రా ఎత్తి చూస్తే మొఖ్తారియా వంగి, తారు మరకని బొటనవేలి గోరుతో గీరుతోంది.

"పోదే ఇది," అంది.

"పోనివ్వను. లోపలికి రా."

మొఖ్తారియా వచ్చి అద్దం ముందు కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళ స్నేహంలో ఆవిడ ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు. వచ్చినప్పుడల్లా వెనకున్న బల్ల మీద గోడ వైపు తిరిగి కూర్చునేది, ఎవరైనా చూస్తారని. హైక్ తీసి ఒళ్ళో మడిచి పెట్టుకుంది. జుట్టు పల్చగా, తెల్లగా, చెవుల దగ్గర పాత గోరింట రంగుతో ఉంది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది. "నా మొహం వేసుకోనా? నువ్వు వద్దంటే నీదే ఉంటుంది. రెద్వాన్‌కి చెప్పేశాను."

వద్దు అనే మాట బద్రా నాలుక చివరి దాకా వచ్చింది. అనేస్తే అయిపోయేది. మొఖ్తారియా మాట తప్పే మనిషి కాదు. బద్రా దువ్వెన వెతుక్కుంటూ ఉండిపోయింది, దువ్వెన చేతిలోనే ఉంది.

"రేపట్నుంచి నేనెవర్నే?" అంది చివరికి. "చేపలవాడు నాకు గుప్పెడు ఎక్కువ వేస్తాడు, తెలుసా?"

"తెలుసు. నాకు ఒక్క చేప కూడా ఎప్పుడూ ఎక్కువ వెయ్యలేదు. ఆ చేపలు నావే."

ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో గానీ, ఆపుకోలేక బద్రా కుర్చీ వీపు పట్టుకోవాల్సి వచ్చింది. నవ్వు తగ్గాక మొఖ్తారియా అద్దంలోంచి చూపు తిప్పకుండానే చెప్పింది. అమ్మ పోయింది, అన్నదమ్ములు పోయారు, నన్ను చంపడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఇన్ని పెళ్ళిళ్ళలో పాడాను, మొహానికి ముసుగేసుకుని దొంగలా వెనక గుమ్మంలోంచి పోయాను. ఈ అద్దంలో తప్ప నేనెక్కడా లేనే, అంది. గొంతు మామూలుగానే ఉంది.

బద్రా తువ్వాలు తీసి ఆవిడ మెడ చుట్టూ కట్టింది. నీళ్ళు గోరువెచ్చగా చేసింది. గోరింట నూరి, రంగు ఎక్కే దాకా తల మూటగట్టి ఉంచింది. కడిగి, ఆరబెట్టబోతే మిషన్ మిలూద్ దగ్గరుండిపోయింది. విసనకర్ర తీసుకుని విసురుతూ వెంట్రుకలు వేళ్ళతో పాయలు పాయలుగా విడదీసింది. కనుబొమలు తీర్చింది. పళ్ళు లేక లోపలికి పోయిన బుగ్గల్ని రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు అలాగే చూసింది. ఇంత దగ్గరగా ఆ మొహాన్ని తను కూడా ఎప్పుడూ చూడలేదని అప్పుడు తోచింది.

"ఆ పుట్టుమచ్చ కూడా పెట్టు. జనం గుర్తుపడతారు," అంది మొఖ్తారియా.

"మచ్చ నాది. నీ మొహంతో నువ్వు వెళ్ళు."

శనివారం ఇద్దరూ ఒరాన్ వెళ్ళారు. ఫోటోల అమ్మాయి మొఖ్తారియాని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. కెమెరా చూడగానే ఆవిడ చెయ్యి దానంతటదే హైక్ అంచు కోసం వెళ్ళింది, మొహం మీదికి లాక్కోవడానికి. బద్రా వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దింపి, ఫోటో అయ్యే దాకా పక్కనే నేల మీద కూర్చుంది. తర్వాత ఇద్దరూ మైకు ముందు భుజాలు ఆనించి నిలబడ్డారు. మిగిలిన పాటలన్నీ నాలుగు రోజుల్లో పూర్తయ్యాయి.

ఆల్బమ్ వచ్చింది. నల్లటి అట్ట మీద ముడతల మొహం, గోరింట జుట్టు, తిన్నగా మనకేసి చూస్తున్న కళ్ళు. మా బెల్ అబ్బెస్‌లో ఏ కొట్లో చూసినా ఆ పాటలే. అట్ట సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. బద్రా రోజూ బజారుకెళ్ళి తనని చూసి జనం ఏమంటారా అని గుండె చిక్కబట్టుకుని నడిచింది. చేపలవాడు గుప్పెడు వేస్తూనే ఉన్నాడు.

సంగతి ఖద్దూర్ టాక్సీలో తెలిసింది. రేడియో వాళ్ళు పిలిస్తే ఇద్దరూ ఒరాన్ బయల్దేరారు. ఖద్దూర్ ఎప్పటిలాగే సీటు దులిపి బద్రాకి ముందు తలుపు తీశాడు, మొఖ్తారియా వెనక ఎక్కింది. హైక్ మానేసి మామూలు రుమాలు కట్టుకుంది ఆ రోజు. మొహమంతా బయటే ఉంది, బద్రా తీర్చిన కనుబొమలతో సహా. ఖద్దూర్ ఆవిడ మొహం చూశాడు, తలుపు గట్టిగా లాగు హాజ్జా అన్నాడు. ముందు అద్దం దగ్గర కొత్త సీడీ అట్ట నిలబెట్టి ఉంది.

ఊరు దాటగానే అతను మొదలుపెట్టాడు. పాటలు అద్భుతం. షేఖా గొంతు వయసుకొచ్చి ఇంకా చిక్కబడింది. కానీ ఈ దుర్మార్గులు చేసిన పని చూస్తే ఒళ్ళు మండిపోతోంది.

"మిమ్మల్ని తీసేసి ఎవర్నో ముసల్దాన్ని వేశారేమిటి లల్లా షేఖా? కేసు పెట్టండి. కోర్టుకొచ్చి నేను చెప్తాను, నా టాక్సీలో ఇన్నేళ్ళు కూర్చున్న మొహం నాకు తెలీదా అని. బజారంతా మీ వైపే ఉంది."

నిజం చెప్పాలంటే బద్రాకి ముందు లోపల గిలిగింతలు పెట్టినట్టయింది. బజారంతా తన వైపే ఉందట. వెనక నుంచి మొఖ్తారియా ఏదో ఒక చురక వేస్తుందని చూసింది. వెయ్యలేదు. తిరిగి చూస్తే, ఆవిడ రుమాలు అంచు ముక్కు దాకా లాక్కుని కిటికీలోంచి కొండకేసి చూస్తోంది. చెయ్యి మళ్ళీ దానంతటదే వెళ్ళినట్టుంది.

"ఆపు," అంది బద్రా.

"ఇక్కడా? చేల మధ్యలోనా?"

"ఆపవయ్యా."

టాక్సీ పక్కకి ఆగింది. బద్రా దిగి, వెనక తలుపు తీసి, మొఖ్తారియా మొహం మీది రుమాలు కిందికి దించింది. చెయ్యి పట్టుకుని దింపింది. సీటు మీద దుమ్ము తన శాలువాతో దులిపి, ఆవిడని ముందు కూర్చోబెట్టి తలుపు వేసింది. తను వెనక ఎక్కి గట్టిగా లాక్కుంది. ఖద్దూర్ నోరు వెళ్ళబెట్టి ఇటూ అటూ చూస్తున్నాడు.

"ఇప్పుడు అడుగు. ఒక్క ముక్క పాడమని," అంది బద్రా.

అతను అడిగేలోగానే మొఖ్తారియా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా రోడ్డుకేసి చూస్తూ, గోధుమ చేల మీదుగా వచ్చిన గాలిని పిలిచింది. మైకు లేదు, వేణువు లేదు. ఖద్దూర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నాడు. అట్ట వైపు చూశాడు, పక్క సీటు వైపు చూశాడు, మళ్ళీ అట్ట వైపు చూశాడు. రెండో చరణం చివర ఆవిడ చెయ్యి మణికట్టు కోసం సీటు పక్కన తడిమింది. బద్రా తన చెయ్యి ముందుకు చాపి అందించింది. నొక్కగానే కేక అందుకుంది, ఆవిడ నిండా పీల్చుకునే దాకా వదల్లేదు.

పాట అయిపోయింది. ఖద్దూర్ బండి గేరులో వేశాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. కొంత దూరం పోయాక పైనున్న అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు.

"మరి మీరెవరమ్మా?" అని బద్రాని అడిగాడు, భయం భయంగా.

బద్రా నోరు తెరిచేలోగా ముందు సీట్లోంచి మొఖ్తారియా అందుకుంది.

"అది నా మొహం. గతుకులు చూసుకుని నడుపు."